గిటారుకు పొర లేస్తే...

అద్దంలా మెరిసే గిటారు మీద ఉన్నట్టుండి ఓ తెల్లమచ్చ. నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది. గోకితే పెచ్చులూడుతుంది. అలాగని చెక్కంతా గీకించి కొత్త పాలిష్ కొట్టిస్తే... మెరుపు వస్తుంది, గొంతు పోతుంది! గిటార్లు బాగుచేసే పనివాళ్లు మాత్రం చాలాసార్లు ఒక్క చుక్క జిగురుతోనే ఆ మచ్చను మాయం చేసేస్తారు.

పరీక్ష ప్యాసయినందుకో, పుట్టినరోజుకో పిల్లలు అడిగారని గిటారు కొనిస్తారు. రెండు మూడేళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఓ రోజు సంచీలోంచి తీసి చూస్తే, మధ్యలోని గుండ్రటి రంధ్రం పక్కనో, తీగలు బిగించే బ్రిడ్జి అంచునో, ప్లాస్టిక్ పిక్‌గార్డు చుట్టూనో పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చ. గుడ్డతో ఎంత తుడిచినా పోదు. గోరుతో తడితే చుట్టుపక్కల కంటే వేరుగా, డొల్లగా పలుకుతుంది. ఇక ఇంట్లో తలా ఓ మాట. బూజు పట్టిందని ఒకరు, చెక్క పుచ్చిపోయిందని ఇంకొకరు, దుకాణంవాడు పాత సరుకు అంటగట్టాడని మరొకరు.

నిజానికి ఆ మచ్చలో బూజూ లేదు, పుచ్చూ లేదు. ఉన్నదల్లా గాలి.

సెల్‌ఫోనుకు స్క్రీన్‌గార్డు అంటించేటప్పుడు చూసే ఉంటారు. సరిగా అతుక్కున్నచోట అసలు పొర ఉన్నట్టే తెలియదు. కాస్త గాలి ఇరుక్కున్నచోట మాత్రం బుడగ తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. గిటారు సంగతీ అంతే. చెక్క మీద పారదర్శకంగా ఉండే పూత ఒకటి ఉంటుంది. అది చెక్కను అంటిపెట్టుకున్నంత కాలం వెలుతురు నేరుగా లోపలికి పోయి చెక్క రంగును చూపిస్తుంది. పూత లేచి మధ్యలో వెంట్రుకవాసి సందు ఏర్పడినా చాలు, వెలుతురు అక్కడే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. కాంతి ఎంతగా వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం గాలికి 1. గిటారు పూతలకు దాదాపు 1.5. ఈ తేడానే మన కంటికి తెల్లమచ్చగా కనిపిస్తుంది. మరమ్మతు రహస్యం కూడా ఇందులోనే ఉంది. ఆ సందులోంచి గాలిని తరిమేసి, 1.5కు దగ్గరగా ఉండే పదార్థాన్ని దేన్నయినా నింపితే మచ్చ కనపడదు. సూపర్‌గ్లూ గుణకం సుమారు 1.45. అందుకే జిగురు పాకినంతమేరా తెలుపు కరిగిపోయినట్టు మాయమవుతుంది. మొదటిసారి చూసేవాళ్లకు గారడీలా ఉంటుంది.

చెక్క కదులుతుంది... పూత కదలదు

ఇంతకీ పొర ఎందుకు లేస్తుంది? చెట్టును కొట్టి, కోసి, ఎండబెట్టి గిటారు చేసినా చెక్క ఊపిరి పీల్చడం మానదు. గాల్లో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. అదీ అన్నివైపులా ఒకేలా కాదు. నారకు అడ్డంగా బాగా కదులుతుంది, నార వెంబడి దాదాపు కదలదు. పైనున్న పూతకు ఈ గొడవ పట్టదు. ఆపైన ఉక్కు తీగలున్న గిటారును శ్రుతి చేసినప్పుడు ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో బ్రిడ్జిని లాగుతుంటాయి. ఆ లాగుడంతా పడేది మూడు మిల్లీమీటర్లు కూడా సరిగా ఉండని పైపలక మీద. కాబట్టి ముందు దెబ్బతినేది అంచులే. బ్రిడ్జి చుట్టూ, రంధ్రం చుట్టూ, పిక్‌గార్డు పక్కన... పూత ఎక్కడైతే తెగి ఆగిపోతుందో అక్కడే లేవడం మొదలవుతుంది.

గిటార్లకు గాల్లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదని తయారీదారులు చెబుతారు. హైదరాబాద్‌లో, రాయలసీమలో మే నెల మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కంటే కిందికి దిగజారడం మామూలే. వానాకాలంలో అదే 80 దాటుతుంది. విశాఖ, కాకినాడల్లో అయితే ఏడాదిలో ఎక్కువ కాలం చెమ్మే. దీనికితోడు ఏసీ గదిలోంచి ఎండలోకి, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలోకి తిప్పితే ఆ పూత మాత్రం ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది!

తప్పంతా వాతావరణానిదే కాదు. పూత కొట్టేముందు చెక్కను సరిగా రుద్దకపోయినా, చెమ్మ ఆరకముందే కొట్టేసినా, చేతి జిడ్డు అంటినా పట్టు చిక్కదు. రోజ్‌వుడ్ లాంటి కొన్ని కర్రల్లో సహజంగానే నూనె ఉంటుంది. అది పూతను సరిగా పట్టుకోనివ్వదు. ఇక పిక్‌గార్డు వంకరపోయిందని బలంగా పీకేసేవాళ్లు కొందరు. దాంతోపాటే పూతా ఊడొస్తుంది. హెయిర్‌డ్రయ్యరుతో సన్నగా వేడిచేసి, కింది జిగురు మెత్తబడ్డాక నెమ్మదిగా లాగాల్సిన పని అది.

మందు వేసేముందు ఒంటితత్వం తెలియాలి

గిటారు పూతలన్నీ ఒకటి కావు. మరమ్మతులో సగం తెలివి ఆ పూత ఏమిటో కనిపెట్టడంలోనే ఉంది.

అన్నిటికంటే పాతది మనకు బాగా తెలిసిందే... లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే జిగురు. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఇప్పటికీ సేకరిస్తుంటారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు ఆ నునుపూ ఆ రంగూ వచ్చేది లక్కతోనే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇదే లక్కను శుద్ధిచేసి పెళుసు రేకులుగా మారిస్తే షెల్లాక్. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచగా వందలసార్లు రుద్దితే ఫ్రెంచ్ పాలిష్. చేత్తో చేసే మేలురకం స్పానిష్ గిటార్లకు నేటికీ ఇదే వాడతారు. మన అడవిలో పురుగు పెట్టిన జిగురు మాడ్రిడ్ గిటారు మీద మెరవడమంటే చిన్న సంగతేం కాదు మరి!

1920లలో కార్ల కంపెనీలకు ఓ చిక్కొచ్చిపడింది. కార్లు వేలల్లో తయారవుతున్నాయి, రంగు ఆరడానికేమో వారాలు పడుతోంది. అప్పుడు అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ డ్యూకో అనే లాకరును తెచ్చింది. గంటల్లో ఆరిపోయేది. మన మెకానిక్‌లు, వడ్రంగులు ఇవాళ్టికీ ‘డ్యూకో పెయింటు’ అంటుంటారే, ఆ మాట అక్కడిదే. దాని మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. దూదిని ఆమ్లాలతో కలిపి చేసేది. పాతకాలం సినిమా రీళ్లూ ఈ పదార్థంతోనే చేసేవారు, అందుకే అవి భగ్గున అంటుకునేవి. 1833 నుంచీ గిటార్లు చేస్తున్న అమెరికా కంపెనీ మార్టిన్ కూడా ఆ దశాబ్దంలోనే షెల్లాక్ వదిలి ఈ లాకరుకు మారింది. పాత అమెరికా గిటార్లంటే మోజుపడేవాళ్లు ‘నైట్రో’ అని ముద్దుగా పిలుచుకునేది దీన్నే.

మూడోది ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించే పాలియురెథేన్, పాలియెస్టర్ పూతలు. రసాయన చర్యతో గట్టిపడతాయి. కొన్నిటిని అతినీలలోహిత కిరణాల కింద క్షణాల్లో ఆరబెడతారు. గట్టివి, చవకైనవి, గీతలు త్వరగా పడవు. మంచి కంపెనీలు మిల్లీమీటరులో ఆరో ఏడో వంతు మందాన కొడితే, చవక గిటార్ల మీద దానికి మూడింతలు కూడా ఉంటుంది. తెల్లమచ్చల బాధ ఎక్కువగా వీటికే. లేచినప్పుడు గాజురేకులా పెద్ద ముక్కగా లేస్తాయి.

తేడా ఎక్కడంటే... షెల్లాక్‌ను స్పిరిట్, నైట్రోను థిన్నరు ఎన్నేళ్లయినా మళ్లీ కరిగిస్తాయి. కాబట్టి కొత్త చుక్క వేస్తే పాత పూతను కరిగించి దానిలో కలిసిపోతుంది, అతుకు తెలియదు. పాలియెస్టర్ ఒకసారి గట్టిపడిందంటే ఇక కరగదు. దానిపై కొత్త పూత వేసినా కలవదు, అంచు గీతలా కనిపిస్తూనే ఉంటుంది. అందుకని దానికి జిగురే గతి. ఏ పూతో తేల్చుకోవడానికి పనివాళ్లు ఎవరికీ కనపడని చోట, అంటే బెల్టు తగిలించే బొడిపె తీసి దాని కింద, స్పిరిట్‌తో తడిపిన దూదిపుల్లను ఆనిస్తారు. జిగటగా మారితే షెల్లాక్. మారకపోతే థిన్నరుతో చూస్తారు. మెత్తబడితే నైట్రో. దేనికీ చలించకపోతే పాలీ. ఇంట్లో గోళ్లరంగు తుడిచే ద్రవం ఉంది కదా అని ముందువైపు రుద్ది చూస్తే మాత్రం మచ్చ పక్కన ఇంకో మచ్చ తయారవుతుంది. అందులోనూ సాధారణంగా ఉండేది అసిటోనే.

ఒక్క చుక్క పని

పాలీ పూత లేచిన గిటారు బల్ల మీదికొచ్చింది. అనుభవమున్న పనివాడు ముందు జిగురు సీసా తీయడు, టార్చిలైటు తీస్తాడు. వెలుతురును పక్కవాటంగా వేసి మచ్చ ఎంతమేర ఉందో చూస్తాడు. గోరుతో తడుతూ డొల్ల ఎక్కడ ఆగిందో కనిపెడతాడు. ఆ తర్వాత ఓ పలుచటి కాగితాన్ని బ్రిడ్జి కిందికి దూర్చి చూస్తాడు. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. కాగితం లోపలికి దిగిందా, లేచింది పూత కాదు, ఏకంగా బ్రిడ్జే! అలాంటప్పుడు తెల్లమచ్చ సంగతి తర్వాత. వెంటనే తీగలు వదులు చేయాలి. లేకపోతే ఆ 70 కిలోల లాగుడికి బ్రిడ్జి చెక్కను చీల్చుకుని ఊడొస్తుంది. మచ్చలో నార వెంబడి సన్నటి నల్లగీత ఉండి, లోపలివైపు నుంచి కూడా కనిపిస్తే అది పలక పగులు. దాని వైద్యమే వేరు.

పూతేనని తేలాక తీగలు తీసి శుభ్రం చేయాలి. లైటర్లలో పోసే నాఫ్తాతో తుడిస్తే జిడ్డు పోతుంది, పూతకు హాని ఉండదు. నిప్పుకు మాత్రం దూరంగా ఉండాలి. నాఫ్తాతో ఇంకో లాభముంది. అంచున ఓ చుక్క వేస్తే అది సందులోకి పాకి, ఆరేలోగా మచ్చ కాసేపు మాయమవుతుంది. అంటే రేపు జిగురు వేశాక గిటారు ఎలా కనపడబోతోందో ముందే చూపిస్తుందన్నమాట. నాఫ్తా పాకినా తెలుపు తగ్గని చోట దుమ్మో, పాత మైనమో చేరి ఉందని అర్థం. అక్కడ జిగురూ నిలవదు. మచ్చ పోతుందేమోనని నిమ్మనూనె, ఫర్నిచర్ పాలిష్ పూసినవాళ్ల గిటార్లు ఇలాగే మొండికేస్తాయి. పాపం, వాళ్లు మంచి చేద్దామనే పూస్తారు. ఆ నూనె సందులోకి దిగి జిగురుకు చోటు లేకుండా చేస్తుంది.

ఇప్పుడు అసలు పని. మచ్చ చుట్టూ కాగితపు టేపు వేస్తారు. నీళ్లంత పలుచగా ఉండే సూపర్‌గ్లూ కావాలి. చిక్కటిది సందులోకి దిగదు. దీని అసలు పేరు సయనోయాక్రిలేట్. 1942లో హ్యారీ కూవర్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందానికి తుపాకీ గురికి వాడే పారదర్శక ప్లాస్టిక్ కోసం వెదుకుతుంటే తగిలింది. ముట్టుకున్నదానికల్లా అతుక్కుంటోందని విసుగొచ్చి అప్పట్లో పక్కన పడేశారు! సరుకుగా దుకాణాలకు వచ్చింది 1958లో. గాల్లోని చెమ్మ తగిలితే గట్టిపడే రకం కాబట్టి సీసా తెరిస్తే త్వరపడాల్సిందే.

సన్నటి గొట్టపు మొనతో, లేదంటే పుల్ల చివరన, లేచిన అంచు దగ్గర ఒక్క చుక్క ఆనిస్తారు. పోయడం కాదు, ఆనించడమే. దీపంలో వత్తి నూనెను పీల్చుకున్నట్టు సందే దాన్ని లోపలికి లాక్కుంటుంది. తెలుపు అంచు నుంచి లోపలికి వెనక్కి తగ్గుతూ పోవడం కళ్లముందే తెలుస్తుంది. ఆగిపోతే ఇంకో చుక్క. వెంటనే పైన పాలిథిన్ కాగితం పరిచి, చదునైన చిన్న చెక్కముక్కతో నొక్కిపెడతారు. పాలిథిన్‌కు ఈ జిగురు సరిగా అంటదు. మచ్చ అంచున కాకుండా నడిమధ్యన బుడగలా ఉంటే, సూదిమొనతో నార వెంబడి కనీకనపడని గాటు పెట్టి అందులోంచి దించుతారు. తొందరపడి గట్టిగా ఎత్తి చూస్తే అప్పటిదాకా అతుక్కున్న భాగం కూడా లేచిపోతుంది, లేదా పెళుసు పూత పుటుక్కున విరుగుతుంది.

ముక్క అప్పటికే ఊడిపోయి గుంట పడితే పని ఎక్కువ. జిగురును చుక్కచుక్కగా, పొరపొరగా, ఒకటి ఆరాక ఇంకొకటి వేస్తూ గుంటను చుట్టుపక్కల కంటే కాస్త ఎత్తుగా నింపుతారు. ఒక రోజు వదిలేశాక ఎత్తును తగ్గించడానికి ఓ చక్కటి చిట్కా ఉంది. గడ్డం గీసుకునే బ్లేడు రెండు చివర్లా టేపు చుట్టి, మధ్యలో కొద్దిమేర మాత్రమే పదును వదులుతారు. టేపు మందం వల్ల బ్లేడు అసలు పూతను తాకదు, ఎత్తుగా ఉన్న జిగురునే గీకుతుంది. ఆ పైన 800 నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్లు, సబ్బునీళ్లు, చివరికి రబ్బింగ్ కాంపౌండు. వేలితో నిమిరితే అతుకు తగలకూడదు. కంటికి మాత్రం కొంచెం తెలియొచ్చు. ఊడిన చోట చెక్క రంగు మారి ఉంటే అది పూర్తిగా కలవదు. పనివాళ్లు ఈ సంగతి ముందే చెబుతారు.

నైట్రో పూత అయితే దారి వేరు. సన్నటి కుంచెతో కొద్దిగా లాకరు వేస్తే పాతదాన్ని కరిగించుకుని తనలో కలుపుకుంటుంది. కాకపోతే ఆరి, కుంగి, స్థిరపడటానికి వారాలు పడుతుంది. ఓపిక లేనివాళ్లకు పనికొచ్చే పూత కాదది.

ఇంట్లోనే ప్రయత్నించాలనుకుంటే ఒకటి రెండు హెచ్చరికలు. సూపర్‌గ్లూ ఆవిరి కళ్లను, ముక్కును మండిస్తుంది. కిటికీలు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. కారిన జిగురును నూలుగుడ్డతోనో దూదితోనో అద్దకూడదు. నూలుకు తగిలితే క్షణాల్లో వేడెక్కి పొగలొస్తాయి, చేయి కాలుతుంది. పిల్లల్ని దగ్గరకు రానివ్వొద్దు. మొదటి ప్రయోగం గిటారు మీద కాకుండా పాత చెక్కముక్క మీద చేసుకుంటే మేలు.

పాలిష్ పనివాడికి ఇస్తే?

మన ఊళ్లలో గిటారు మరమ్మతు తెలిసినవాళ్లు వీధికొకరు దొరకరు. ఫర్నిచర్ పాలిష్ పనివాళ్లు దొరుకుతారు. తలుపులకు వేసే మెలమైన్ పాలిష్ గిటారుకూ వేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు చాలామంది. చిక్కంతా అక్కడే. తలుపు మోగక్కర్లేదు, గిటారు మోగాలి. పైపలక ఎంత పలుచగా, తేలిగ్గా ఉంటే తీగ కదలికకు అంత బాగా స్పందిస్తుంది. పూత వల్ల నాదం ఎంత మారుతుందన్న దానిపై వాద్యకారుల్లో తెగని వాదులాటలున్నాయి. మందం మరీ ఎక్కువైతే పలక మొద్దుబారుతుందన్న మాటను మాత్రం పెద్దగా ఎవరూ కాదనరు.

అంతకంటే పెద్ద ప్రమాదం గీకడంలో ఉంది. చవక గిటార్ల పైపలక చాలావరకు ఒకే చెక్క కాదు, ప్లైవుడ్. పైకి అందంగా కనిపించే పొర మిల్లీమీటరు కూడా ఉండదు. పాలిష్ యంత్రం రెండుసార్లు ఎక్కువ తిరిగితే ఆ పొర అరిగి కింది పొర బయటపడుతుంది. దాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు. ఖరీదైన పాత గిటార్లకైతే ఇంకో నష్టం. అసలు పూత గీకి కొత్తది వేయించినదాన్ని పాతసామాను వర్తకులు దాదాపు సగం ధరకే అడుగుతారు. గీతలు పడ్డా, పగుళ్లిచ్చినా, పుట్టుకతో వచ్చిన పూతకే విలువ.

అందుకే మచ్చ పెరగకుండా ఉండి, పెచ్చు లేవకుండా ఉంటే దాన్ని అలాగే వదిలేయమనే పనివాళ్లూ ఉన్నారు. అది సోమరితనమేమీ కాదు. అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ గిటారు ట్రిగ్గర్‌కు దశాబ్దాల వాయింపుకు పూత పోయి, చెక్క అరిగి, చివరికి రంధ్రం పక్కనే ఇంకో పెద్ద రంధ్రం పడింది. అది నైలాన్ తీగల గిటారు కాబట్టి పిక్‌గార్డు లేదు, ఆయనేమో పిక్‌తో వాయిస్తాడు. ఆ కన్నం పూడ్పించకుండానే వేదికల మీద దాంతోనే వాయిస్తూ వచ్చాడు.

మచ్చ రాకుండా చూసుకోవాలంటే పెద్ద ఖర్చేం అక్కర్లేదు. గిటారును గోడకు కాకుండా పెట్టెలో ఉంచాలి. వానాకాలంలో సిలికాజెల్ పొట్లాలు, ఎండాకాలంలో చిల్లుల డబ్బాలో తడిపి పిండిన స్పాంజి పెడితే తేమ అదుపులో ఉంటుంది. కొద్దిపాటి ధరకే తేమ చూపించే హైగ్రోమీటర్లు దొరుకుతున్నాయి. నైట్రో పూత ఉన్నవాటిని రబ్బరు స్టాండు మీద, వినైల్ బెల్టు తగిలేలా నెలల తరబడి వదిలేస్తే ఆ రబ్బరు పూతను మెత్తబరిచి అంటుకుపోతుంది. వాయించాక చెమట తుడవాలి. ఇంకొకటి, సాయంత్రాలు డాబా మీద కూర్చుని వాయించేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది... డీట్ అనే రసాయనం ఉన్న దోమల క్రీము రాసుకున్న చేత్తో గిటారును ముట్టుకోకూడదు. చాలా పూతలను, ప్లాస్టిక్‌ను అది కరిగించేస్తుంది. చేయి కడుక్కుని వాయించండి, లేదా పొడుగుచేతుల చొక్కా వేసుకోండి.